నొప్పిలేని మోకాలికి వైద్యం

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ టీ చల్లారనివ్వకండి. మనిషి మోకాలు మనిషి కాల్లో ఉండదు, ఆసుపత్రి వాళ్ల బొమ్మలో ఉంటుంది. కెన్యాలోని మా ఇటెన్ కొండమీద ఈ సంగతి అందరికీ తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది.

నా మనవరాలు జెలగత్ పరుగుపందేల పిల్ల. జిల్లా పోటీ ఆరు వారాలుందనగా ఎడమ మోకాలు పట్టేసింది. మోకాలి లోపలి బొమ్మ తీసే స్కానింగ్ యంత్రం నెలకొకసారి లారీ ఎక్కి మా కొండకొస్తుంది. ఒక చీటీ మీద రెండు మోకాళ్లూ తీస్తారు. (చీటీలో సగం వదులుకున్న ఇంటికి మావాళ్లు పిల్లనివ్వరు.)

"ఇంతసేపు నిలబడ్డాం, కుడిది కూడా తీయించుకోవే" అన్నాను. తీయించుకుంది.

డాక్టర్ వన్యోనీ గారు మోకాలి బొమ్మల శాఖకు అధిపతి. ఆయన మోకాలిని ముట్టుకోరు. ముట్టుకుంటే నిర్ణయం మైలపడుతుందని వాళ్ల శాఖ మూడో నిబంధన. (రెండోదాని ప్రకారం రోగి రాకపోయినా ఫర్వాలేదు, బొమ్మ వస్తే చాలు.) బొమ్మల్ని వెలుతురుకు పెట్టి చూశారు.

"కుడి మోకాల్లో పొర చిరిగింది, కోసి సరిచేయాలి. ఎడమది ముత్యంలా ఉంది."

"నొప్పి ఎడమదాన్లోనండీ!" అంది జెలగత్.

"బొమ్మలో లేదమ్మా."

"నా కాల్లో ఉంది కదా!"

"అది నీ అభిప్రాయం." (ఆయన కాగితంలో అభిప్రాయానికి గడి లేదు.)

నేనూరుకుంటానా? "డెబ్బయ్యేళ్లుగా ఈ కొండలెక్కి దిగుతున్నాను నాయనా. నా మోకాళ్లలో ఎన్ని చిరుగులున్నాయో! నన్నూ కోస్తావా?"

"బొమ్మ ఉందా కోగో?" అన్నారు. మా వైపు ముసలమ్మలందరినీ అలాగే పిలుస్తాం లెండి.

"లేదు."

"అయితే ప్రస్తుతానికి మీరు ఆరోగ్యవంతులే."

"వెళ్లిపోదాం పద కోగో" అని జెలగత్ నా చెయ్యి లాగింది.

"నోర్ముయ్యవే, అంత చదువుకున్నాయనకి నీ మోకాలు తెలీదా?" అని నేనే ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేశాను.

కోశారు. పోటీ రోజున జెలగత్ కర్ర ఆనించుకుని గట్టున నిలబడింది. ఎడమ నొప్పి పాతది, కుడి నొప్పి కొత్తది. తోటి పిల్లలు దుమ్ము రేపుకుంటూ ముందు నుంచే వెళ్లారు. నావైపు చూడలేదు అది.

మళ్లీ లారీ వచ్చినప్పుడు ఇంకో బొమ్మ తీశారు. కుడి మోకాలు కూడా ముత్యమే. డాక్టరుగారు దాన్ని పక్కగదుల వాళ్లకు కూడా చూపించి మురిసిపోయారు.

ఇది గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. చివరికి ఆ పిల్ల ఏమైందని ఎవరైనా అడిగితే, సొంత మాటలు కలపకండి. ఆసుపత్రి కాగితంలో రాసిందే చెప్పండి: పూర్తిగా నయమైంది.