మూడో కొటేషన్ రాని తాళం

ఉదయం టిఫిన్ తిని, ఆటో పిలిచి, భార్యను కీళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ రోజుకు సూపరింటెండెంటు గారి పథకం ఇంతే. కొనుగోళ్ల విభాగంలో పండిపోయిన మనిషి వేసిన పథకం కాబట్టి అది అంతటితో ఆగలేదు.

ఆఫీసులో గుండుసూదుల డబ్బా కొనాలన్నా ఆయనకు మూడు కొటేషన్లు రావలసిందే. ఇంట్లోనూ అదే పద్ధతి. గుమ్మానికి వేసే తాళంకప్ప తుప్పుపట్టి మొండికేసి చాలాకాలమైంది. కొత్తదానికి రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోది ఇంకా రాలేదు. బయటికెళ్లి వచ్చినప్పుడల్లా భార్య వాచిన వేళ్లతో ఆ తాళంతో కుస్తీ పడుతుంటే, ఆయన వెనక నిలబడి, "కాస్త గట్టిగా తిప్పు" అని సలహా ఇస్తుంటాడు.

కిందటిసారి డాక్టరమ్మ రెండు దారులు చూపించింది. ఒకటి, వారానికొక్కసారి వేసుకునే మాత్రలు. నెమ్మదిగా పనిచేస్తాయి, లివర్ ఎలా ఉందో తరచూ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. రెండోది సూదిమందు. త్వరగా గుణం కనిపించవచ్చు గానీ, అంటురోగాల భయం ఎక్కువ. ఏదీ తేల్చకుండా నాన్చితే మాత్రం వేళ్లు వంకర తిరిగిపోతాయని చెప్పి, "మీరిద్దరూ మాట్లాడుకుని రండి," అంది.

ఆయన మాట్లాడాడు. భార్యతో తప్ప అందరితోనూ.

వాళ్లలో ఎంపికైన ముగ్గురు ఆ ఉదయం ఇంటికి దిగారు: బావమరిది, ఎదురింటి మందుల షాపాయన, ఆఫీసు టైపిస్టు.

"సూదే మంచిది బావా. ఆ మాత్రలు వేసుకుంటే అక్కకు కడుపులో తిప్పుతుంది," అన్నాడు బావమరిది.

"అందరికీ తిప్పదండీ. మా షాపులో ఏళ్ల తరబడి కొనేవాళ్లున్నారు," అన్నాడు షాపాయన.

"వారానికొకటంటే మర్చిపోయి రోజూ మింగేస్తారు సార్. మా పెద్దమ్మ అలాగే ఆస్పత్రి పాలైంది," అన్నాడు టైపిస్టు.

వంటగది గుమ్మంలోంచి భార్య తొంగిచూసింది. "ఏవండీ, నేనొకటి అనుకుంటున్నాను..."

"ఉండవే, నీ గురించే కదా మాట్లాడుతున్నాం. ముందు టీ సంగతి చూడు."

ఆమె రెండు చేతులతో గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్లింది.

టీలు అయ్యాయి గానీ వాదన తేలలేదు. ఎవరి మాట వాళ్లు డాక్టరు ముందే తేల్చుకుంటామని పట్టుబట్టారు. కింద ఆటోవాడు హారన్ మోగించాడు. ముగ్గురూ మెట్ల మీద కూడా వాదించుకుంటూ దిగుతుంటే, ఆయన అలవాటుగా గుమ్మానికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, వాళ్ల వెనకే పరిగెత్తాడు.

డాక్టరమ్మ నలుగురినీ మార్చి మార్చి చూసింది. "పేషెంటు ఏరీ?"

నలుగురూ వెనక్కి తిరిగారు.

"అక్క నీ పక్కన కూర్చుందనుకున్నాను బావా."

"నా పక్కన కూర్చుంది నువ్వు కదరా."

"ఆవిడ ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడే ఫోన్ చేశారు," అంది డాక్టరమ్మ. "వేళ్లు సహకరించక జడ వేసుకోవడం ఆలస్యమైందట. వచ్చి చూస్తే బయట తాళం. పోనీలెండి, మాత్రలే కావాలని తేల్చి చెప్పారు. పసిపిల్లల బడిలో టీచరు కదా, రోజంతా ముక్కులు కారే పిల్లలు ఒళ్లోకెక్కుతుంటే సూదిమందు వద్దనిపించిందట. ఆలోచించి చెప్పిన మాటే. ఈ సంగతి ఆవిడ మీకు చెప్పలేదా?"

"నేను అడగలేదండీ," అన్నాడాయన.

ఇంత మాట్లాడిన ముగ్గురిలో ఆ బడి సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. పాతికేళ్లుగా ఆమెను రోజూ ఆ బడి దగ్గర దింపుతున్న మనిషికీ రాలేదు. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకు అల్మరా కొనేటప్పుడు కూడా అది వాడబోయే గుమాస్తాను ఓ మాట అడిగేవాణ్ణి కదా అనుకున్నాడు.

ముగ్గురినీ అక్కడే వదిలేసి ఒక్కడే ఇంటికొచ్చాడు. తాళంచెవి పెట్టి తిప్పాడు. కదల్లేదు. రెండు చేతులతో తిప్పాడు. వేలి చర్మం లేచింది గానీ తాళం రాలేదు. ఇన్నేళ్లూ ఆ వేళ్లతో ఆమె దీన్ని ఎలా తీసిందో తలుచుకుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమేవ్, తప్పయిపోయింది. ఈరోజే కొత్త తాళం తెస్తాను. ఏ కొట్లో ఏ ధరకు దొరికితే ఆ ధరకే," అన్నాడు తలుపుతో.



"ముందు ఇది తీయండి," అంది ఆమె లోపలినుంచి తాపీగా. "కాస్త గట్టిగా తిప్పండి."