వెనక కాగితం లేని లేబుల్

ఆ పొద్దు తిప్పన్న అనుకున్నది చిన్న పనే. ధర్మవరం కిరాణా వ్యాపారి సురేంద్ర మధ్యాహ్నం బస్సుకు హిందూపురం వస్తాడు. ఆ లోపల తన షెడ్డులోని చింతపండు పొట్లాలకు కొత్త లేబుళ్లు అంటించి చూపాలి. పోయినసారి లేబుళ్లు ఊడిపోతున్నాయని సురేంద్ర సరుకంతా వాపసు పంపాడు. ఈసారీ నచ్చకపోతే ఇక కొనడు. పొట్లాలు కట్టే ఆడవాళ్లకు ఎండాకాలం పనుండదు.

కొత్త లేబుళ్ల రోలుకు వెనక కాగితం లేదు. పైన నునుపు, కింద జిగురు. దానికోసం అచ్చు మిషను కూడా మార్చాడు.

"ఇదేందప్పా, వట్టి జిగురుండాది?" అంది పనివాళ్లలో పెద్దదైన తిమ్మక్క.

"వెనక కాగితం పీకి పారేసేదే కదక్కా. చెత్తకు దుడ్లెందుకు? ఇదైతే రోలుకు ఎక్కువ లేబుళ్లొస్తాయి."

ఆ మాట తప్పు కాదు. తప్పు అలవాటులో ఉంది. ఆ షెడ్డులో పొద్దున్నే ఆ రోజుకు కావలసినన్ని లేబుళ్లు అచ్చేసి, పట్టీలుగా చించి, ఒక్కొక్కరి భుజం మీద తువ్వాలులా వేస్తారు. పొట్లం కట్టడం, భుజం మీంచి ఒకటి పీకి అంటించడం. ఆ రోజూ తిప్పన్న అట్లే వేశాడు. జిగురుకు ఓర్పు నేర్పేది ఆ పారేసే కాగితమేనని అంతవరకు అతనికి తోచలేదు.

పట్టీలు చీరలను పట్టుకున్నాయి. పీకితే జడలను పట్టుకున్నాయి. పక్కనున్న బుజ్జమ్మ జడా, తిమ్మక్క మోచెయ్యీ ఒకే పట్టీకి చిక్కి, ఇద్దరూ కాడెద్దుల్లా కలిసి తిరగవలసి వచ్చింది.

"యాడికి లాగుతాండావే, నా తోలు వస్తాది!"

"నా జుట్టు వస్తాండాదిలే, నీ తోలుదేముందక్కా!"

తిప్పన్న శెనగనూనె తెచ్చాడు. నూనెకు జిగురు వదిలింది. కానీ ఆ నూనె చేతులు తగిలిన పొట్లాలకు ఇక ఏ లేబులూ అంటలేదు. మిగిలిన పట్టీలన్నా దక్కుతాయని, వాటిని జిగురు పైకి ఉండేట్టు బెంచీ మీద పరిచాడు.

అంతలో సురేంద్ర వచ్చాడు. "కూచోన్నా," అని బుజ్జమ్మ మర్యాదగా బెంచీ చూపింది.

అతను కూర్చుని, నూనె కారుతున్న పొట్లాలను తిప్పి తిప్పి చూశాడు. "ఒక్కదానికీ లేబుల్ లేదే! ఇంక నీకూ నాకూ చాలప్పా," అని లేచి పోయాడు. పోతూ ఉంటే ప్యాంటు వెనక 'గింజ తీసిన చింతపండు' అని వరసగా కనిపించింది. ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తిప్పన్న నవ్వలేదు. రేపటి నుంచి రావద్దని వీళ్లకు ఎట్లా చెప్పాలా అని నేల చూస్తూ నిలబడ్డాడు.

మరునాడు సురేంద్ర ఫోన్ చేశాడు.

"ఏమప్పా, పెనుకొండలో టీకి దిగితే బస్టాండంతా నన్ను చదివినారు!"

"తప్పైపోయిందన్నా."

"ఇనప్పా ముందు. మా ఇంటామె నానబెట్టె, బండకేసి బాదె, బ్రష్షు పట్టె. ప్యాంటు చినిగింది గానీ నీ లేబుల్ కదల్లే. అదే ఏసి సరుకు పంపు. ఈ ప్యాంటు నీకే పంపిస్తాండా, పెట్టుకో."

సరుకు పోయింది. ఇప్పుడు షెడ్డులో ఒక్కో లేబుల్ అచ్చేసి, అప్పటికప్పుడే అంటిస్తున్నారు. ఆ ఎండాకాలంలో ధర్మవరం నుంచి వాపసు వచ్చింది ఆ ప్యాంటు ఒక్కటే.