తాతబాబు తొడుక్కున్న శాంపిలు

ఎండ అరుగు మీదికి రాకముందే వల బాగుచేసుకుని, చద్దన్నం తిని, ఒక కునుకు తీయాలని ఆ ఉదయం తాతబాబు అనుకున్నాడు. జాలరిపేటలో ఇంతకంటే నిరపాయకరమైన ఆలోచన ఇంకొకటి ఉండదు. కానీ గాలాల బుట్ట జరపబోతే ఒక గాలం పక్క కుర్చీ మీదున్న తెల్ల టీ షర్టుకి తగులుకుంది. తాతబాబు లాగాడు. గాలం ఊడి వచ్చింది, చొక్కాకి శనగగింజంత చిల్లు మిగిలింది.

కోడలు రోజారమణి అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో పని చేస్తుంది. తను ఎంచిన గుడ్డతో కుట్టిన తెల్ల టీ షర్టు శాంపిలును ఈ రోజు సరుకు కొనే విదేశీ మేడం చూడబోతోంది. నచ్చితే గుడ్డలు ఎంచే సెక్షన్‌లో రోజారమణి పర్మనెంటు. నచ్చకపోతే మళ్ళీ ప్యాకింగులో అట్టపెట్టెలకి టేపు అంటించుకోవడమే. గుడ్డంటే ఆ పిల్లకి ప్రాణం. పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికూతురి మొహం కంటే ముందు చీరకొంగు వేళ్ళతో నలిపి చూస్తుంది. "ఒక్క రాత్రయినా నా కళ్ళెదుట ఉండాల" అంటూ, తేకూడని శాంపిలును ఇంటికి తెచ్చుకుంది. కళ్ళెదుట కుర్చీ మీద ఉన్నది అదే మరి అనుకున్నాడు తాతబాబు.

రోజారమణి స్నానానికి వెళ్ళింది. వచ్చేలోగా పూడ్చేస్తే సరి అనుకున్నాడు తాతబాబు. ఎన్ని వలలు బాగుచేసిన చేతులివి! వల పనిలో మొదటి సూత్రం, చిరిగినచోట చుట్టూ శుభ్రంగా కోసి, ఆ తరవాత కొత్త కన్నులు అల్లడం. కత్తి తీసి చిల్లు చుట్టూ గుండ్రంగా కోశాడు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

వలలో ప్రతి కన్నుకీ ముడి ఉంటుంది. టీ షర్టు గుడ్డలో ముడన్నదే ఉండదు, ఒక కన్నులోంచి ఇంకో కన్ను దూరి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి వదిలితే వరసంతా వదిలేస్తుంది. తాతబాబు చూస్తుండగానే చిల్లు నిచ్చెన వేసుకుని అంచుదాకా దిగిపోయింది. ఆపుదామని దారం పట్టుకుని లాగితే పక్కనే ఇంకో నిచ్చెన మొదలైంది.

టీ తెచ్చిన భార్య అసిరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మో! ఏటి సేత్తన్నావయ్యా?"

"అరవకే. బాగుసేత్తన్నాను."

"బాగుసేత్తన్నావా? సేపని కోసినట్టు కోసీసి!"

"ఇప్పుడెలగే? ఆ గుంట సూసిందంటే ఏడిసి సచ్చిపోతాది."

అసిరమ్మ కోడలి బ్యాగు తెరిచింది. కవర్లో అచ్చం అలాంటిదే ఇంకో చొక్కా. "ఇగో, ఇంకోటుంది. బేగి కుర్సీ మీదెట్టు" అంది. కవరు ఉబ్బెత్తుగా కనిపించాలని తాతబాబు బనీను మడిచి అందులో కూరింది. చిరిగిన చొక్కా వల కిందికి పోయింది.

రోజారమణి తయారై వచ్చింది. ఒక చేత్తో ఇసక పట్టిన చెప్పు, రెండో చేత్తో కుర్చీ మీది చొక్కా అందుకుంది.

"ఆగు!" తాతబాబు ఎగిరి చొక్కా లాక్కున్నాడు.

"ఏటైంది మావా? తుక్కు గుడ్డే గదా. కుట్టు తప్పిందని కంపెనీలో పడేత్తే సెప్పులు తుడుసుకోడానికి తెచ్చాను. మంచిది బేగులో ఉంది."

తాతబాబు చొక్కాని గుండెకి హత్తుకున్నాడు. అసిరమ్మే అడ్డుపడింది.

"మీ మావకి ఆ సొక్కా మీద మనసైందే. అడగడానికి సిగ్గు."

రోజారమణికి కళ్ళు చెమర్చాయి. ఈ ఇంట్లో ఒక్కరైనా గుడ్డ గురించి మాట్లాడటం ఇదే మొదలు. "మరి సెప్పరేం మావా! ఏసుకోండి, నాను సూసి ఎల్తాను."

ఇక తప్పలేదు. సన్నపాటి దొరసాని కోసం కుట్టిన చొక్కా తాతబాబు పొట్ట మీద తప్పెటలా బిగుసుకుంది. కోడలు మురిపెంగా అంచు సర్దబోయింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. అంచు తిరగేసి చూసింది.

"తుక్కుది జెర్సీ గుడ్డ, లోపల గరుగ్గా ఉండాల. ఇది రెండు పక్కలా నున్నగుంది. ఇది ఇంటర్‌లాకు, శాంపిలు గుడ్డ." బ్యాగు తెరిచింది. బనీను బయటికొచ్చింది.

తాతబాబు గబగబా చొక్కా పైకి లాగబోయాడు. భుజం దగ్గర చిటుక్కుమంది.

"లాగొద్దు! కుట్లు పోతాయి!" రోజారమణి కేక పెట్టింది. అప్పుడే రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. "అలగే రండి మావా."

బస్సు నిండా ఆడపిల్లలు. గాజువాక దాటేదాకా తాతబాబు ఊపిరి సగమే తీశాడు, పూర్తిగా తీస్తే పొట్ట పెరుగుతుందని. కోడలు కిటికీలోంచి చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

కంపెనీలో మేనేజరు గురునాథరావు అతన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు. మేడం అప్పటికే వచ్చేసింది. రోజారమణి ఏదో చెప్పబోయేలోగా తాతబాబు ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"తప్పు నాదమ్మా. ఈ గుంటనేటీ అనకండి. ఉద్యోగం తియ్యకండి."

మేడానికి తెలుగు రాదు. ఏమంటున్నాడని మేనేజర్ని అడిగింది. గురునాథరావు చెమట తుడుచుకుని, శాంపిలును గట్టిగా సాగదీసి పరీక్షించడానికి ఈయన్ని ప్రత్యేకంగా పిలిపించామని ఇంగ్లీషులో చెప్పేశాడు.

మేడం తాతబాబు చుట్టూ తిరిగి చూసింది. పొట్ట దగ్గర గుడ్డ పట్టి లాగి వదిలింది. ఇద్దరు కుట్టుపని అమ్మాయిలు జాగ్రత్తగా చొక్కా విప్పి బల్ల మీద పరిచారు. గోనెసంచిలా ఉంది. అందరూ చూస్తుండగా గుడ్డ నెమ్మదిగా ముడుచుకుంటూ, దొరసాని కొలతకి తిరిగొచ్చింది. ఏ కంపెనీలోనూ ఇంత కఠినమైన పరీక్ష చూడలేదని మేడం చప్పట్లు కొట్టింది. ఇకముందు వచ్చే ప్రతి సరుకునీ ఈ మనిషి మీదే పరీక్షించాలని రాయించింది.

రోజారమణి పర్మనెంటు అయింది. పెరగకూడదు, తరగకూడదు అన్న షరతు మీద తాతబాబు పొట్టకి కూడా ఉద్యోగం దొరికింది.