పోచమ్మకు ఫ్లాట్ నంబరు

ఒక జాతిని నిర్మించాలంటే ముందు గోడ కట్టాలి. భాష, చరిత్ర, జెండా, పాట అన్నీ గోడ ఆరాక తీరిగ్గా చూసుకోవచ్చు. పండితులు ఈ వరుసను తలకిందులుగా రాశారు. వాళ్లు పుస్తకాల్లో చూసి రాశారు, నేను తెల్లాపూర్‌లో చూసి చెబుతున్నాను.

ఆ దేశం పేరు బ్లూ హెరాన్ వ్యాలీ. నీలికొంగల లోయ అన్నమాట. లోయ లేదు. కొంగలు ఉండేవి, కుంట పూడ్చాక వెళ్లిపోయాయి (వెళ్లిపోయాకే వాటిని జాతీయ పక్షిగా ప్రకటించారు, ఉండగా ప్రకటిస్తే పూడ్చడానికి మొహమాటం). రాష్ట్రపతి శ్రీనివాసరావు గారు, సచివాలయంలో రిటైరైన పెద్దమనిషి. ఆయన గది మీద 'అసోసియేషన్ ప్రెసిడెంట్' అని ఉండేది. ఎండకు మొదటి మాట వెలిసిపోయి రెండోదే మిగిలింది. ఆ రోజు నుంచి ఆయన నడక మారింది.

జాతి ఒక్కరోజులో తయారు కాలేదు. మొదటి ఏడాది గోడ. మరుసటి ఏడాది పౌరసత్వం: ఫ్లాటు కొన్నవాడు పౌరుడు, కిరాయికి ఉన్నవాడు శరణార్థి, అంట్లు తోమడానికి వచ్చేవాళ్లు విదేశీయులు (వీళ్లకు లిఫ్టు వేరు; దౌత్య మర్యాద). ఆ తర్వాత శత్రువు కావలసి వచ్చాడు. రోడ్డవతల ఇంకో గేటెడ్ కమ్యూనిటీ ఉండటం అదృష్టం. వాళ్ల కుక్క ఒకటి మన ఫుట్‌పాత్ మీద కూర్చుని చేసిన పనికి అత్యవసర సమావేశం పెట్టారు. అంతకుముందు సమోసాలు పెట్టినా మీటింగుకు రానివాళ్లు ఆ రోజు కుర్చీలు చాలక నిలబడి విన్నారు. దేశభక్తికి సమోసా కంటే కుక్క బాగా పనిచేస్తుందని అప్పుడే రుజువైంది.

భాష దగ్గర కొంచెం గొడవైంది. శ్రీనివాసరావు గారు 'మంచి తెలుగు' ఉండాలన్నారు, అంటే ఆయన తెలుగు. మరి మాది చెడ్డదా అని నాలుగు కుర్చీలు లేచాయి. మిగతావాళ్లు హిందీలో అరిచారు. చివరికి ఎవరి ఇంటిదీ కాని ఇంగ్లిషును జాతీయ భాష చేశారు. అన్యాయం అందరికీ సమానంగా జరిగింది కాబట్టి తీర్మానం ఏకగ్రీవం. జాతీయ గీతాన్ని లిఫ్టుల్లో వేస్తారు. అక్కడ ఎలాగూ అందరూ నిలబడే ఉంటారు, గౌరవానికి లోటుండదు.

ఇక మిగిలింది చరిత్ర. గోడకు ఇంకా పెయింటు వాసన పోలేదు, ప్రాచీన జాతి అంటే ఎవడు నమ్ముతాడు? ఈ కొరతను సాంస్కృతిక మంత్రి బాలాత్రిపురసుందరి గారు తీర్చారు. క్లబ్‌హౌస్ వెనక, మురుగునీళ్లు శుద్ధిచేసే ప్లాంటు పక్కన ఒక వేపచెట్టు, దాని కింద పసుపు కుంకుమలతో ఒక రాయి ఆమె కంటబడ్డాయి. అది పోచమ్మ. అప్పట్లో బిల్డరు తవ్వించబోతే జేసీబీ డ్రైవరు చెప్పులు విప్పి కిందికి దిగిపోయాడట, అందుకని మిగిలింది. బాలాత్రిపురసుందరి గారు గుండె మీద చెయ్యి వేసుకుని, "ఇది మన పూర్వీకులదండీ!" అన్నారు. (ఆమె పూర్వీకులది తణుకు. రాష్ట్రపతి గారి పూర్వీకులది తెనాలి. తెల్లాపూర్‌ను ఇద్దరూ మొదటిసారి బ్రోచర్లో చూశారు.) వెంటనే రాయి చుట్టూ గొలుసు కట్టి 'జాతి మూలం, తాకరాదు' అని బోర్డు పెట్టారు. ఆషాఢంలో ఒక ఆదివారం మహోత్సవం నిర్ణయించారు.

ఆ రాయికి తరతరాలుగా బోనం ఎత్తుతున్న ఇల్లు సక్కుబాయిది. ఇప్పుడు ఆమె గోడ బయట రేకుల ఇంట్లో ఉంటుంది. ఆమె పొలం ఎట్లా పోయిందో చెప్పడానికి ఇది వేదిక కాదు (వేదిక కూడా ఆ పొలంలోనే కట్టారు). ఏటా పక్కగేటు నుంచి లోపలికి వెళ్లి, బోనం దించి వచ్చేసేది. ఈ ఏడు మొక్కు పెద్దది. కోడలు కాన్పులో చావు దాకా వెళ్లినప్పుడు దవాఖాన మెట్ల మీద కూర్చుని మొక్కుకుంది: తల్లీబిడ్డా బతికితే నెత్తిన దీపం ఆరకుండా, నడుమ ఎక్కడా దించకుండా నీ ముందరికి తెస్తానని. ఇద్దరూ బతికారు.

ఆదివారం పొద్దున కొత్తకుండకు సున్నం, పసుపు పూసి, లోపల పరమాన్నం, చుట్టూ వేపమండలు, పైన దీపం పెట్టుకుని ఆమె గేటు దగ్గరికి వచ్చింది. గేటు దగ్గర ఉన్నది ఎల్లేశం. ఆమె అన్న కొడుకే.

"అత్తా, ఎవరి ఫ్లాటుకు పోవాలె?" అని అడిగాడు, ఫోన్ తీసి.

"ఏమ్రా, నెత్తి మీద ఏమున్నదో కనవడ్తలేదా? పోచమ్మ కాడికి."

"ఫ్లాట్ నంబర్ చెప్పు."

"నిరుడు నా ఎనక డప్పు పట్కొని వచ్చింది నువ్వే గద!"

"నిరుడు నేను వాచ్‌మన్‌ను. ఇప్పుడు సరిహద్దు భద్రతాధికారిని."

"జీతం పెంచిండ్రా?"

"టోపీ ఇచ్చిండ్రు."

ఎల్లేశం తప్పేం లేదు. ఆ దేశానికి 'సరిహద్దు' అని ఒక యాప్ ఉంది. దాన్ని తయారుచేసింది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే అవినాష్. వచ్చేవాడు అతిథా, క్యాబా, డెలివరీయా, పనిమనిషా చెప్పాలి. అతిథి అయితే ఇంట్లోవాళ్లు ఫోన్‌లో ఒప్పుకోవాలి. డెలివరీ అయితే వెంటనే గేటు లేస్తుంది (ఆకలికి వీసా అక్కర్లేదు). కాకపోతే డెలివరీవాళ్లకు తర్వాత నక్షత్రాలు ఇస్తారు. నాలుగుకు తగ్గినవాడికి ఈ జన్మలో మళ్లీ గేటు లేవదు. అది రాజ్యాంగం.

అవినాష్‌ను పిలిపించారు. నిక్కరుతో, చేతిలో కాఫీతో వచ్చాడు.

"సారీ ఆంటీ, హోస్ట్ లేకుండా విజిటర్‌ని సిస్టమ్ తీసుకోదండీ."

"హోస్టు అంటే ఎవరు బిడ్డా?"

"మీరు ఎవరిని కలవడానికి వచ్చారో వాళ్లు."

"పోచమ్మను."

అవినాష్ ఫోన్‌లో వెతికాడు. "ఆవిడ రెసిడెంట్స్ లిస్టులో లేరండీ."

"మీ గోడకన్న ముందునుంచి ఉన్నది."

"అయితే రిజిస్టర్ చేసుకోవాల్సిందండీ!" అన్నాడు అవినాష్, నిజంగా నొచ్చుకుని.

మంత్రివర్గం క్లబ్‌హౌస్‌లో సమావేశమైంది. అమ్మవారిని ఓనరుగా నమోదు చేద్దామని ఒకరన్నారు. ఓనరైతే భూమిలో వాటా ఉంటుందని, పాత కాగితాలు ఎవరైనా తిరగేస్తే మొత్తం ఆవిడదే అని తేలినా తేలవచ్చని రాష్ట్రపతి గారు గొంతు తగ్గించి గుర్తుచేశారు. కిరాయిదారు అందామంటే పోలీస్ వెరిఫికేషన్ కావాలి, ఆధార్‌లో ఫొటో కావాలి. చివరికి 'దీర్ఘకాలిక అతిథి' హోదా ఇచ్చి, 'ప్లాంట్-1' అని ఫ్లాట్ నంబరు కేటాయించారు. ఇంకొక్క చిక్కు మిగిలింది. అనుమతి అడగడానికి పోచమ్మకు ఫోన్ నంబరు లేదు. బాలాత్రిపురసుందరి గారు త్యాగం చేసి తన నంబరు ఇచ్చారు.

ఇంతసేపూ సక్కుబాయి గేటు దగ్గరే ఉంది. దించరాదు కాబట్టి కూర్చోవడానికి లేదు. నానక్‌రామ్‌గూడ వైపు నుంచి మబ్బు కమ్మి గాలి మొదలైంది. దీపం ఒకసారి వంగింది, మళ్లీ లేచింది.

"నంబరొచ్చింది గద, ఇగ కొట్టురా ఎల్లేశం, జర జల్ది. మెడ పోతున్నది."

ఎల్లేశం కొట్టాడు. ప్లాంట్-1కు అభ్యర్థన వెళ్లింది. చాలాసేపటికి తెర మీద వచ్చింది: 'పోచమ్మ గారు స్పందించడం లేదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి.'

(బాలాత్రిపురసుందరి గారు అప్పుడు వేపచెట్టు దగ్గర 'మన పూర్వీకుల వేషధారణ' పోటీ నడుపుతున్నారు. సంస్కృతికి అంతరాయం కలగకూడదని ఫోన్ సైలెంట్‌లో పెట్టారు.)

ఎల్లేశం మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే మాట వచ్చింది. సక్కుబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ తల కదిలితే దీపం కదులుతుంది కాబట్టి తుడుచుకోలేదు.

"నాకు స్పందిస్తలేదంట్రా పోచమ్మ? దవాఖానల అర్ధరాత్రి పిలిస్తే పలికింది. గీ గేటు కాడ పలుకతలేదా?"

అప్పుడే ఒక వ్యాను వచ్చింది. దాంట్లో పోటీకి తెప్పించిన బోనాలు, బ్యాటరీతో వెలిగే దీపాలవి. డ్రైవరు 'డెలివరీ' అన్నాడు, గేటు లేచింది. ఎల్లేశం ఆ వ్యాను వంక చూశాడు, అత్త మెడ వంక చూశాడు. ఫోన్‌లో రెండుసార్లు వేలు పెట్టాడు.

"నడు అత్తా. డెలివరీ అని కొట్టిన."

"ఏందది?"

"అన్నం తెచ్చినోళ్ల కింద లెక్క."

"అన్నమే గద తెచ్చింది," అంది ఆమె, అడుగు వేస్తూ.

గాలి పెరిగింది. ఎల్లేశం దేశం ఇచ్చిన టోపీ తీసి, దీపానికి అడ్డం పట్టుకుని పక్కనే నడిచాడు. వేపచెట్టు దగ్గర అద్దె చీరల్లో, అద్దె గొంగళ్లలో పూర్వీకులు వరుసగా నిలబడి ఉన్నారు. శ్రీనివాసరావు గారు సక్కుబాయిని చూసి ముచ్చటపడ్డారు.

"భలే సహజంగా వచ్చిందమ్మా వేషం! ఏ బ్లాకు మీది?"

సక్కుబాయి గొలుసు దాటింది. తాకరాదన్న బోర్డు పక్కనుంచి వెళ్లి, రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, బోనం దించింది. దీపం వెలుగుతూనే ఉంది. చెయ్యి రాయి మీద పెట్టి, "బిడ్డ మంచిగున్నది తల్లీ, పాలు తాగుతున్నది," అని చెప్పింది. పౌరులంతా ఫొటోలు తీసుకున్నారు. ఒక ఫొటో మరీ బాగా వచ్చిందని, అది జాతీయ చిహ్నంగా ఉండాలని అక్కడికక్కడే తీర్మానించారు.

ఉత్సవం ముగిశాక బాలాత్రిపురసుందరి గారు ఫోన్ చూసుకున్నారు. ప్లాంట్-1 నివాసిని ఉద్దేశించి ఒక ప్రశ్న వచ్చి ఉంది: 'పోచమ్మ గారూ, మీకు భోజనం అందిందా? తెచ్చినవారికి ఎన్ని నక్షత్రాలు?' ఆమె నిజాయితీ గల మనిషి, ఆలోచించే ఇచ్చారు. మూడు. కింద కారణం కూడా రాశారు: 'ఆలస్యంగా తెచ్చారు.'

జాతీయ చిహ్నం ఇప్పుడు గేటు పైన ఉంది. సక్కుబాయి, బోనం, దీపం, కింద 'మన మూలాలు' అన్న అక్షరాలు. వచ్చే ఆషాఢంలో సక్కుబాయిని ఆపేది దాని కిందే.