మాణెమ్మ ట్యూబు

విదేశాల నుంచి హీలియం, నియాన్ వాయువులు రావడం ఆగిపోయాక, లేజర్ ట్యూబులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ వాటిలో పౌరుల కోపాన్ని నింపడం మొదలుపెట్టింది. కొన్ని పత్రికలు మొదట్లో దీన్ని వింతగా రాశాయి. ట్యూబులు వెలగడంతో ఊరుకున్నాయి.

కోపం దాకా రావడానికి సంస్థ చాలా ప్రయోగాలే చేసింది. దుఃఖం నింపి చూస్తే అది తేమలా గాజు లోపలి గోడలకు పట్టుకుని అద్దాలను మసకబార్చింది. భయం వెలిగింది గాని నిలకడ లేదు, పక్కగదిలో కుర్చీ జరిపినా ఆరిపోయేది. అసూయ చక్కని ఆకుపచ్చ కాంతి ఇచ్చి, వారం తిరక్కుండా ఎలక్ట్రోడ్లను తినేసింది. శుభ్రమైన ఎరుపు ఇచ్చింది కోపం ఒక్కటే, అదీ న్యాయమైన కోపం. ఎన్నికల సభల్లో పట్టిన కోపంతో సిలిండర్లు తొందరగానే నిండాయి. ట్యూబులో పోసి మీట నొక్కితే మాత్రం వెలుగు లేదు. లోపల వాయువు లేదని, చప్పుడు మాత్రమే ఉందని పరీక్షించినవాళ్లు తేల్చారు.

మనిషిలో పుట్టిన కోపం మామూలుగా అన్ని వైపులా పోతుంది. కొంత పెళ్లాం మీదికి, కొంత పిల్లల మీదికి, కొంత గిన్నెల మీదికి, మిగిలింది తన మీదికే. దానితో ఇల్లు కాస్త వేడెక్కుతుంది తప్ప వెలుగు రాదు. ఒకే దారిలో నడపాలంటే సన్నని గాజు నాళం కావాలి, దాని రెండు చివరలా ఎదురెదురుగా రెండు అద్దాలు కావాలి. ఒక అద్దం తన మీద పడ్డదంతా వెనక్కి కొడుతుంది. రెండోది ఇంచుమించు అంతా వెనక్కి కొట్టి, ఏ నూరో వంతో బయటికి వదులుతుంది. లోపలి కాంతి ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ, తిరిగిన కొద్దీ బలపడుతుంది. బయటికొచ్చిన ఆ కొంచెమే మనం చూసే కిరణం.

సంస్థ భవనాన్నీ ఈ సూత్రం మీదే కట్టారు. పొడవాటి సన్నని వరండా, తూర్పు చివర ఒక కిటికీ, పడమటి చివర ఒక కిటికీ. తూర్పు కిటికీ వచ్చినవాళ్లందరినీ పడమటి కిటికీకి పంపుతుంది. పడమటి కిటికీ మళ్లీ తూర్పుకే పంపుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం "పరిశీలనలో ఉంది" అనే ఒక్క మాట బయటికి వదులుతుంది. వరండాలో ఇద్దరు పక్కపక్కన నడవడానికి వీల్లేదు. పాత భవనంలో వరండా వెడల్పుగా ఉండేదట. జనం అక్కడ నిలబడి ఒకరి గోడు ఒకరికి చెప్పుకున్నారు, కోపాలు కలిసిపోయాయి, ఒక మధ్యాహ్నం కిటికీలు రెండూ పగిలాయి. కొత్త నిర్మాణంలో ఆ లోపం సవరించారు.

కోపానికి ఒక ఉపయోగం దొరికింది కాబట్టి అది పుట్టే చోటునే చేతిలో ఉంచుకోవడం మేలని, ప్రభుత్వం ప్రజల ఫిర్యాదులన్నిటినీ ఈ సంస్థకే అప్పగించింది. ఆ విధంగా మాణెమ్మ అక్కడికి వచ్చింది.

ఆమెది రాళ్లకుంట. ఊరి పక్కన బట్టలకు వేసే రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. అక్కడ ఏ రంగు చేస్తుంటే మాణెమ్మ బావిలో నీళ్లు ఆ రంగులో ఉండేవి. తొమ్మిదేళ్ల మనవరాలు స్వరూప ఆ నీళ్లతోనే స్నానం చేసేది, ఊళ్లో వేరే నీళ్లు లేవు కాబట్టి. పిల్ల వీపు మీద, మెడ కింద బొబ్బలు లేచి, మానిన చోటే మళ్లీ లేచేవి. బళ్లో పిల్లలు ఆమె గోళ్లు చూసి, ఈ వారం ఫ్యాక్టరీలో ఏ రంగో చెప్పే ఆట ఒకటి కనిపెట్టారు. మాణెమ్మ అడిగింది ఒక్కటే. ఫ్యాక్టరీ కాలవను మళ్లించి బావిని కడిగించాలి.

ఆమెను ముందు రేకుల షెడ్డులో కూర్చోబెట్టారు. ట్యూబులో వాయువు నింపే ముందు గాజును కొలిమిలో కాల్చి తేమంతా పోగొడతారు. ఫిర్యాదుదారుల తేమ ఎండకు రేకుల కిందే పోతుంది. కన్నీళ్లు పూర్తిగా ఆగాయని చూశాక మాణెమ్మను వరండాలోకి వదిలారు. తూర్పుకూ పడమరకూ ఆమె నెలల తరబడి నడిచింది. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలు, సర్పంచి చెప్పి పంపిన మాటలు, దండాలు, దీవెనలు ఒక్కొక్కటే రాలిపోయాయి. లోపల ఇంకేమీ మిగలకుండా ఖాళీ అయ్యాక నింపే గదికి పిలిచారు.

అక్కడ గాజు ఊదే జహంగీర్ ట్యూబు పక్కకు పొడుచుకొచ్చిన సన్నని కాడను ఆమె నోటి ముందు పెట్టాడు.

"ఇండ్ల చెప్పమ్మా."

"ఇండ్లనా? మనిషికి చెప్తే కాదా బిడ్డా?"

"మనిషికి చెప్తే లీకైతది," అన్నాడు జహంగీర్.

మాణెమ్మ చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. "నా పిల్ల తానానికి పోవాల్నంటే మంచం కింద దాసుకుంటది. నేనే కాలు వట్టి గుంజుకొచ్చి పోస్త. ఎవనికోసం పోస్తున్న నేను ఆ నీళ్లు?" అంది. జహంగీర్ కాడను మంటలో కరిగించి మూసేశాడు. మీట నొక్కగానే ఎదుటి గోడ మీద ఎర్రని చుక్క పడింది. అది వణకలేదు. పక్క గదుల్లోని ఇంజినీర్లు కూడా వచ్చి చూశారు. ఇంత స్వచ్ఛమైన ఎరుపు ఈ మధ్య రాలేదని ఒకరితో ఒకరు అనుకున్నారు. పెద్ద ఇంజినీరు మాణెమ్మకు నమస్కారం కూడా పెట్టాడు.

"ఇదేనా నా కోపం? గింత సన్నగున్నది," అంది మాణెమ్మ.

"సన్నగుంటెనే దూరం పోతది," అన్నాడు జహంగీర్.

ప్రతి ట్యూబులోనూ ఒక మూల వెండి పూత లాంటి మచ్చ ఉంటుంది. దాన్ని గెట్టరు అంటారు. లోపలికి చొరబడిన అక్కరలేని ఆవిర్లను అది పీల్చుకుంటుంది, పీల్చి పీల్చి తెల్లబడితే ఇక పనిచేయదు. వరండా మధ్యలో కూర్చునే దత్తాత్రేయది ఆ ఉద్యోగం. మనస్తత్వశాస్త్రంలో పట్టా ఉన్నవాడు. కోపంలో కలిసి దాన్ని పాడుచేసే ఇతర భావాలను, ముఖ్యంగా ఆశను, అతను తనలోకి తీసుకోవాలి. నడిచి నడిచి మనిషి అక్కడ ఆగి "పనైతదా సారూ?" అంటే, "అయ్యో, కూర్చోండమ్మా," అని మంచినీళ్లిచ్చి, చెప్పిందంతా తల ఊపుతూ వినాలి. లేచి వెళ్లేటప్పటికి ఆ మనిషిలో కోపం ఒక్కటే ఉండాలి. దత్తాత్రేయ ఒంటరి మనిషి. ఇంటికి వెళ్లి పడుకుంటే ఇతరుల ఆశలన్నీ అతని ఛాతీలో మెల్లగా కదిలేవి. అందులో ఏది ఎవరిదో కొన్నాళ్లకు అతనికీ తెలియకుండా పోయింది. అవి తనవేనేమో అన్న అనుమానం కూడా అప్పుడప్పుడు వచ్చేది.

మాణెమ్మ ట్యూబును నీళ్లలోని మలినాన్ని కొలిచే యంత్రంలో బిగించి రాళ్లకుంటకే పంపారు. కిరణం నీళ్లలోంచి సూటిగా పోతే నీళ్లు మంచివి, చెదిరితే చెడ్డవి. "నా కోపంతోనే నా నీళ్లు చూస్తున్రు, మంచిదే," అని ఆమె సంతోషించింది. బావి నీళ్లలో కిరణం ఎర్రని పొగలా చెదిరిపోయింది. నీళ్లు చెడ్డవని సంస్థ సంతకంతో ఒప్పుకుంది. రాళ్లకుంట చరిత్రలో ప్రభుత్వం ఒక విషయం ఒప్పుకోవడం అదే మొదలు. ఆ రాత్రి మాణెమ్మ ఇంట్లో పాయసం వండారు, మినరల్ వాటర్ కొని.

తర్వాత సాంకేతికమైన ఇబ్బంది ఒకటి బయటపడింది. నిబంధన ప్రకారం బావిని కడగక ముందు ఒక కొలత, కడిగాక ఒక కొలత తీయాలి. రెండూ ఒకే ట్యూబుతో తీయాలి, లేకపోతే పోల్చి చూడటం కుదరదు. కానీ బావి శుభ్రమైతే మాణెమ్మ కోపం పోతుంది. మనిషిలో కోపం పోతే, ఎంత గట్టిగా మూసినా ఆ మనిషి ట్యూబు ఆరిపోతుంది, ట్యూబు ఆరితే రెండో కొలత రాదు. రెండో కొలత రాని పనిని మంజూరు చేసే అధికారం ఎవరికీ లేదు. కాబట్టి బావిని కడగడానికి వీల్లేదు.

సంయుక్త సంచాలకురాలు సుహాసిని ఈ మాట మాణెమ్మకు స్వయంగా చెప్పింది. ఆవిడ మర్యాదస్తురాలు, కుర్చీ కూడా వేయించింది. దత్తాత్రేయ గోడ పక్కన నిలబడ్డాడు.

"వేరేవాళ్ల కోపం నింపుకోండ్రి," అంది మాణెమ్మ. "మా ఊర్ల కోపానికేమన్న కరువా?"

"ఒక్కొక్కరి ఎరుపు ఒక్కోలా ఉంటుందమ్మా. లెక్క కలవదు."

వరండాలో అంతకాలం నడిచిన మాణెమ్మకు ఆ తర్కం అలవాటైంది. అందులోనే ఆమెకు ఒక దారి కనిపించింది.

"అట్లయితే రంది పడకుండ్రి మేడం. బాయి కడిగినా నా కోపం పోదు. ఇన్ని దినాలు మీరు తిప్పిన తిప్పలకే నాకు సచ్చేదాక సరిపోయే కోపమున్నది. మీ లైటు ఆరదు. కడిగి సూడుండ్రి."

సుహాసిని కలం కింద పెట్టి ఇంజినీర్లను పిలిపించింది. ఇది ఎవరికీ తట్టని పరిష్కారం. అక్కడికక్కడే మానసిక పరీక్షలు చేశారు. చల్లని, తేటనీళ్లు ఆమె ముందు పెట్టి, ఇవి నీ బావివే అనుకోమన్నారు. ఆమె అనుకుంది. రాళ్లకుంటకు ఫోను చేసి కనుక్కుంటే, అక్కడ ట్యూబు కాంతి తగ్గలేదు, పైగా కొంచెం పెరిగింది.

మర్నాడు సుహాసిని ఫలితం చెప్పింది. "నీళ్లు బాగున్నా మీ కోపం పోవడం లేదంటే, మీ కోపానికి కారణం నీళ్లు కాదన్నమాట. కారణం నీళ్లు కానప్పుడు నీళ్ల మీద మీ ఫిర్యాదు నిలవదు."

"మరి నా పిల్ల వీపు?"

"అది ఆరోగ్య శాఖ."

"ఆ శాఖ యాడున్నది?"

"పోయిన ఏడే మాలో కలిపారు."

గోడ పక్క నుంచి దత్తాత్రేయ మాట్లాడాడు. ఆ గదిలో అతను మాట్లాడటం అదే మొదటిసారి. "మేడం, కడిగిద్దాం. రెండో కొలత లేకపోతే లేదు. పిల్లను నిలబెట్టి స్నానం చేయించి చూద్దాం, ఏడవకపోతే నీళ్లు మంచివే."

ఎవరూ కోప్పడలేదు. పెద్ద ఇంజినీరు దగ్గరికి వచ్చి, కిటికీ వెలుగులో దత్తాత్రేయ మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పూత పూర్తిగా తెల్లబడిందని చెప్పాడు. గెట్టరు నిండిపోతే పీల్చుకున్నదంతా తిరిగి బయటికి వదులుతుంది, అది సహజమే. అతన్ని ఆ సాయంత్రమే తీసేసి, కొత్తగా చదువు ముగించిన ఒక అమ్మాయిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె ఇంకా వెండిలా మెరుస్తోంది. మాణెమ్మకు మంచినీళ్లు ఇచ్చి, "అయ్యో, కూర్చోండమ్మా," అంది.

ఆ తర్వాత మాణెమ్మకు అలసట వచ్చింది. కోపం అలసటగా మారడానికి ఎక్కువ కాలం పట్టదని సంస్థలో అందరికీ తెలుసు. రాళ్లకుంటలో ఎర్రని చుక్క పలచబడింది. బావిని కడగకుండానే ట్యూబు ఆరిపోతే ఫిర్యాదుదారు తృప్తి చెందినట్టు లెక్క, నీళ్లు మంచివని నమోదు చేసి యంత్రాన్ని వేరే ఊరికి పంపుతారు. పడమటి కిటికీ ఈ సంగతి ఆమెకు ఉన్నదున్నట్టే చెప్పింది. దాచే అలవాటు సంస్థకు లేదు.

అందుకని మాణెమ్మ రోజూ పొద్దున బావిలోంచి బొక్కెనతో నీళ్లు చేది, అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి మంట పుట్టేవరకు ఉంచుతోంది. మంట బాగా పుట్టాక, మళ్లీ ఆ వరండాలో నడవడానికి బస్సెక్కుతుంది. చుక్క మళ్లీ నిలబడింది. అయితే ఆమె చర్మం మొద్దుబారుతోంది, చెయ్యి ఎంతసేపు ఉంచినా ఒక్కోరోజు ఏమీ తెలియడం లేదు. ఒకే రక్తమైతే ఎరుపు కలుస్తుందని, ముందుజాగ్రత్తగా సంస్థ వారసత్వపు ట్యూబుకు అనుమతి ఇచ్చింది. బడి సెలవుల్లో ఆమె స్వరూపను వెంట తీసుకెళ్లింది. రేకుల షెడ్డులో పిల్ల చాలాసేపు ఏడ్చి, ఆగింది.

నింపే గదిలో కాడ ముందు నిలబడి, "నాయినమ్మా, ఎవరిని తిట్టాలె?" అని అడిగింది.

"ఎవర్నీ తిట్టొద్దు బిడ్డ. అటిటు చూడకు. సూటిగ చెప్పు."

పిల్ల సూటిగా చెప్పింది. జహంగీర్ కాడ మూసి మీట నొక్కాడు. ఇంజినీర్లు మళ్లీ వచ్చి చూశారు. మాణెమ్మ తన ట్యూబుకన్నా ఇది వెలుగెక్కువని గమనించి, ఇంకో అరవై ఏళ్లకు బెంగ లేదనుకుని, మనవరాలి తల నిమిరింది.

స్వరూప ఎర్రని కిరణానికి అడ్డంగా తన అరచెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా కూడా లేదు. ఆ ట్యూబుల కాంతి చేతిని కాల్చదు, కాగితాన్ని కాల్చదు, గోడకు మచ్చ అయినా చేయదు. కళ్లలో నేరుగా పడితేనే ప్రమాదం. అందుచేత సంస్థలో పనిచేసే అధికారులెవరూ అది వచ్చే వైపు చూడకూడదని ఒక నియమం ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ తప్పలేదు.