ఎత్తేసిన బండి

ఆ ఆదివారం ప్లంబర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మెకానిక్ షెడ్డుకు వెళ్లి తన పికప్ ట్రక్కు తీసుకోవాలి, అక్కడే మైనం పూసి అద్దంలా తుడవాలి, పదిలోపు ముస్తాబు చేసిన పికప్‌ల పోటీ మైదానం చేరాలి. పది దాటితే గేటు మూసేస్తారు. మూడేళ్లుగా కప్పు ఎగరేసుకుపోతున్న ఎదురింటి ఎలక్ట్రీషియన్ ముఖం ఈసారైనా వాడిపోతే చూడాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే, ఆయిల్ మార్పించాలని ఇంట్లో బొంకి, బండిని చక్రాల మీద నాలుగంగుళాలు పైకి లేపమని, ఎలక్ట్రీషియన్ చెవిన పడకుండా గుట్టుగా మెకానిక్‌కు అప్పగించాడు. ఆ పిచ్చి ఉన్నవాళ్ల భాషలో దాన్ని ‘బండి ఎత్తడం’ అంటారు.

అతను స్నానంలో ఉండగా ఫోన్ మోగింది. అత్తగారు తీశారు.

"బండి ఎత్తేశామండీ!" అన్నాడు మెకానిక్ హుషారుగా. "ఆయన్ని ఒక్కరినే రమ్మనండి. సంగతి బయటికి పొక్కిందా, ఇక మా పూచీ లేదు."

దొంగలే ఫోన్ చేశారనుకున్నారావిడ. అల్లుడికి ఆ బండంటే పంచప్రాణాలు. గీత పడుతుందని అందులో ఒక్క పైపు ముక్క వేయడు, పైపులన్నీ సైకిలు మీదే మోస్తాడు. విషయం తెలిస్తే సబ్బు నురగతోనే కుప్పకూలిపోడూ!

"ఫోనెవరత్తయ్యా?"

"రాంగ్ నంబరు బాబూ! నువ్వు తీరిగ్గా కానివ్వు," అంటూనే ఆవిడ చెప్పులు వేసుకుని పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తారు.

పదికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా, మేడ మీద కూర్చున్నంత దర్జాగా బండి నడుపుకొస్తున్న ప్లంబర్‌కు వంతెన దగ్గర రెండు జీపులు అడ్డం వచ్చాయి. ఎస్సై దిగి నంబరు చూసుకున్నాడు.

"ఈ బండి ఎత్తిందెవరు?"

ప్లంబర్ ముఖం వెలిగిపోయింది. చూడగానే కనిపెట్టేశాడే!

"మా మెకానిక్ సార్. భలే పనివాడు! ఇప్పటికి నలభై బండ్లు ఎత్తాడు."

"నలభయ్యా!"

"దీన్ని నేనే దగ్గరుండి ఎత్తించాను. మీ జీపు కూడా వదిలిపెట్టండి, సాయంత్రానికల్లా ఎత్తేస్తాడు."

ఇంత మర్యాదగా నేరం ఒప్పుకున్నవాణ్ణి ఎస్సై తన సర్వీసులో చూడలేదు. కానిస్టేబుల్ బేడీలు తీశాడు. వెనక జీపులోంచి అత్తగారు తల బయటపెట్టి కేక వేశారు.

"అయ్యో, ఆయన మా అల్లుడండీ! పోయింది ఆయన బండే!"

"అంటే, సొంత బండినే ఎత్తించాడా? ఇన్సూరెన్సు కోసమా?"

ప్లంబర్‌కు ఏడుపొక్కటే తక్కువ. "సార్, గేటు మూసేస్తారు! ఎత్తడమంటే ఏమిటో మైదానంలో ఎవరినైనా అడగండి. మీ కాళ్లు పట్టుకుంటాను!"

"సరే పద. అక్కడే తేలుద్దాం."

ముందొక జీపు, వెనకొక జీపు, చెవులు చిల్లులు పడేలా సైరన్లు. పికప్ సరిగ్గా పదింటికి గేటు దాటింది. మైదానమంతా లేచి నిలబడి ఈలలు వేసింది. ఎలక్ట్రీషియన్ చేతిలోంచి తుడుపు గుడ్డ జారిపోయింది.

"వీడు పోలీసుల్ని కూడా మాట్లాడుకొచ్చాడ్రా!"

ఎస్సై నలుగురినీ విచారించి, టేపు పెట్టి నాలుగంగుళాలూ స్వయంగా కొలిచి, పొట్ట పట్టుకుని నవ్వాడు. న్యాయనిర్ణేతలు ఆ నవ్వుకు కూడా మార్కులు వేశారు. కప్పు చేతికి రాగానే ప్లంబర్ ఆనందం పట్టలేక దాన్ని తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో పెట్టాడు.

"కప్పుదేముంది బాబూ, దొంగలు బండి తిరిగిచ్చారు, అదే పదివేలు," అన్నారావిడ కళ్లు తుడుచుకుంటూ.

మరుసటి ఏడు పోటీ నిబంధనల్లో ఒకటి కొత్తగా చేరింది: పోటీదారులు పోలీసులను వెంట తెచ్చుకోరాదు.