గంట ఒక్కసారే కొట్టవలెను

...కాబట్టి చెయ్యి వణకడానికీ, చెయ్యి వణుకుతోందని తేలడానికీ ఏ సంబంధమూ లేదు. మొదటిది నరాల పని. రెండోది ప్రభుత్వం పని. ఈ రెండు శాఖల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు లేవు.

ఈ సత్యం నాకు చలన నిర్ధారణ కార్యాలయం వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా బోధపడింది. పక్కన మా వదిన. మా ఇద్దరి మధ్య వదిన బేకరీలో క్రీము కలిపే బకెట్టు. దాని నిండా మంచునీళ్ళు, ఆ నీళ్ళలో మోచేతిదాకా నా కుడిచెయ్యి. (మమ్మల్నెవరూ వింతగా చూడలేదు. ఆ కార్యాలయానికి వచ్చేవాళ్ళు ఎవరి బకెట్టు వాళ్ళు తెచ్చుకునే రకం.)

నాది మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగకి రబ్బరు తొడుగున్నట్టు నరాలకీ ఒక పొర ఉంటుంది. నాకది అక్కడక్కడా ఊడిపోయింది. మెదడు చెప్పిన మాట చేతిదాకా వెళ్ళేలోపు దారిలో నలుగురి నోళ్ళలో పడి, పదిరకాలుగా మారి చేరుతుంది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నా చెయ్యి ఋషి. ఏదైనా కావాలనుకుని చాచానా, అప్పుడు మొదలవుతుంది. వస్తువు దగ్గరయ్యేకొద్దీ వణుకు పెరుగుతుంది. గ్లాసును తాకే వేళకి నా వేళ్ళు గ్లాసుతో చేతులు కలుపుతున్నాయో కొట్లాటకి దిగుతున్నాయో చూసేవాళ్ళకి అర్థం కాదు. కోరికే దుఃఖానికి మూలమని పెద్దలు ఊరికే చెప్పి వదిలేశారు. నాకు దాన్ని స్కానింగుతో సహా నిరూపించారు.

నాలుగేళ్ళుగా నేను కనిపెట్టిన వైద్యం ఒకటుంది. ఏదీ అందుకోకపోవడం. లిఫ్టులో మీట పక్కవాళ్ళచేత నొక్కిస్తాను. పళ్ళెం నా ముందుకొస్తే "ముందు మీరు తీసుకోండి" అంటాను. మంచి మర్యాద తెలిసిన మనిషినని పేరొచ్చింది. నా వినయమంతా నరాల లోపమని నాకూ డాక్టరుకీ మా ఇంట్లోవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. (డాక్టరు మాత్రలు కూడా రాశాడు. వేసుకుంటే వణుకు తగ్గుతుంది. దాంతోపాటు నేనూ తగ్గి, మధ్యాహ్నందాకా నిద్రపోతాను.)

అయితే బేకరీలో వినయం పనికిరాదు. అక్కడ కేకుల మీద పేర్లు రాసేది నేనే.

"మొన్నటి కేకు తిరిగొచ్చింది తెలుసా?" అంది వదిన, బకెట్లో ఇంకో మంచుముక్క వేస్తూ. "నువ్వు రాసిన శుభాకాంక్షలు చూసి, ఇదెవరి గుండె పరీక్ష కాయితం అని అడిగారు. ముసలాయన పుట్టినరోజాయె. ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారట."

"మరేం చెప్పావ్?"

"గుండె బాగుందనే చెప్పా. ఏం చెప్పమంటావ్?"

ఊళ్ళో ఒక శిక్షణ కేంద్రం ఉంది. మణికట్టుకి బరువు పట్టీలు కట్టి, మోచెయ్యి ఎక్కడ ఆనించాలో, కప్పు ఎలా ఎత్తాలో, పెన్ను ఎలా పట్టాలో మొదట్నుంచీ నేర్పుతారు. నా రోగం పోదు గానీ నా చెయ్యి కొంతవరకు నాకు తిరిగొస్తుంది. అక్కడ నాకో చోటు అట్టిపెట్టారు. నాకు వణుకున్నట్టు ఈ కార్యాలయంవారి ముద్ర ఈ సాయంత్రంలోపు చేరకపోతే ఆ చోటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది.

ఇక బకెట్టు సంగతి. పరీక్షకి వెళ్ళాలంటే ముందు కిటికీ దగ్గర సంతకం చెయ్యాలి. అది నా పద్దెనిమిదో ఏటి సంతకంతో సరిపోవాలి. సరిపోకపోతే నేను నేను కాదు. అంటే, చెయ్యి వణికేవాళ్ళు వణకని చేత్తో సంతకం చేస్తేనే వణుకు పరీక్షకి అర్హులు. (ఈ నియమం రాసిన అధికారిది చాలా అందమైన చేతిరాత అని విన్నాను.) చేతిని చల్లబరిస్తే కాసేపు వణుకు తగ్గుతుందని డాక్టరు ఎప్పుడో అన్నమాట వదిన గుర్తుపెట్టుకుంది.

"ఉంచు, తియ్యకు. పట్టుమని పదినిమిషాలు కాలేదు."

"నాకు వేళ్ళు తెలియట్లేదు వదినా."

"తెలియకపోతేనే బుద్ధిగా ఉంటాయి. మీ అన్నయ్యని చూళ్ళేదూ?"

తుడుచుకుని వెళ్ళి సంతకం చేశాను. గీత గీతగా, తోకతో సహా, పద్దెనిమిదేళ్ళ పిల్ల చేసినట్టే వచ్చింది. కిటికీలో మనిషి రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూసి, "మీరే" అన్నాడు. ఆ మాట నాతో ఎవరైనా అని చాలాకాలమైంది. కళ్ళు చెమర్చాయి. వదిన ఏకంగా ముక్కు చీదింది. ఆ ఆనందంలో, మేం చేసిన పనేమిటో ఇద్దరికీ తట్టలేదు.

తర్వాత టోకెన్ యంత్రం. వదిన నా తరఫున నొక్కబోతే అది ఒప్పుకోలేదు, అభ్యర్థి వేలే కావాలంది. చెయ్యి ఎంత చల్లబడినా ఆ తెర దగ్గరికి వెళ్ళేసరికి వేలికి కాస్త ఆశ పుట్టినట్టుంది. మూడుసార్లు తాకింది. మూడు టోకెన్లు వచ్చాయి. వెనక్కిచ్చే పద్ధతి లేదు. ఆ రోజుకి నేను ముగ్గురిని.

లోపల స్థిరత్వ పరిశీలకుడు కూర్చుని ఉన్నాడు. అతని బల్ల మీద అరచెయ్యి బొమ్మ గీసి ఉంది. బొమ్మలో నా చెయ్యి పెట్టించి, దాని మీద నిండు గ్లాసు నిలబెట్టి, నీళ్ళకేసి చూశాడు. నీళ్ళు కదల్లేదు.

"స్థిరం" అన్నాడు.

"మంచునీళ్ళలో పెట్టి తెచ్చాం సార్, సంతకం కోసం!" అంది వదిన. మేం చేసిన పని ఆమెకి అప్పుడు తట్టింది.

"చల్లబడితే తగ్గే వణుకు వాతావరణ శాఖ కిందికొస్తుందమ్మా. తర్వాతి టోకెన్!"

తర్వాతి టోకెను నేనే. లేచి, మళ్ళీ కూర్చున్నాను.

"మీకూ వణుకేనా?"

"ఆవిడదే నాదీ."

"వంశపారంపర్యమన్నమాట." గ్లాసు పెట్టాడు. "స్థిరం."

మూడో టోకెను వేళకి చెయ్యి వెచ్చబడింది, వేళ్ళు మళ్ళీ నావయ్యాయి. నాకు ధైర్యమొచ్చింది. కానీ బొమ్మలో పెట్టగానే నా చెయ్యి మళ్ళీ ఋషి అయిపోయింది. పెంచి పోషించిన చెయ్యి, పరాయివాళ్ళ ముందు నన్ను అబద్ధాలకోరుని చేసింది.

"ఊరికే పెడితే వణకదు సార్," అన్నాను. "ఏదైనా అందుకోబోతేనే వణుకుతుంది."

అతను నిజంగానే నా మేలు కోరి కాస్త ముందుకి వంగాడు.

"అయితే అందుకోకండి."

నాలుగేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట అదే. ఇంకొకరి నోట విన్నప్పుడు గానీ అదెంత దరిద్రపు సలహానో తెలియలేదు.

"ముగ్గురూ స్థిరం. చక్కటి కుటుంబం," అని అతను ఏదో రాసుకుని, గోడ మీది బోర్డు చూపించాడు. "ఒప్పుకోకపోతే గంట కొట్టండి, పై అధికారి వస్తారు."

బోర్డు మీద ఇలా ఉంది: అభ్యంతరమున్నచో అభ్యర్థి స్వయముగా గంట ఒక్కసారే కొట్టవలెను. అంతకు మించి మోగినచో నిప్పంటుకున్నట్లు భావించి సిబ్బంది యావన్మందీ వీధిలోకి పోవలెను.

గంట బల్లకి ఆ చివరనుంది. ఇత్తడిది, పైన బొడిపె ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. వెనక వరుసలో పదిమంది ఉన్నారు. పదిమందీ చూస్తారు. ఊరుకుని ఇంటికెళ్తే మర్యాదస్తురాలినన్న పేరన్నా మిగులుతుంది.

"ఏమంటావే?" అంది వదిన గొంతు తగ్గించి. "వెళ్ళిపోదామా? పేర్లు నేనే రాస్తాలే."

వదిన చేతిరాత నాకు తెలుసు. అంతకంటే నిప్పంటుకోవడమే నయం.

చెయ్యి చాచాను. గంటకి జానెడు దూరంలో వణుకు మొదలైంది. బెత్తెడు దూరంలో చెయ్యి మొత్తం ఊగిపోయింది. మధ్యలో పరీక్ష గ్లాసు తగిలి బల్ల మీంచి దొర్లింది. పరిశీలకుడు గ్లాసు పట్టుకోవడానికి కిందికి వంగాడు. అప్పుడు గంట మోగింది. మోగింది, మోగింది, ఇంకా మోగింది.

కుర్చీలు వెనక్కి జరిగాయి. కిటికీ మనిషి కిటికీ మూశాడు. సిబ్బంది యావన్మందీ తోపులాట లేకుండా మెట్లు దిగారు. (ఎవరూ నిప్పెక్కడని అడగలేదు.) వరుసలోనివాళ్ళు వరుస చెడకుండా వాళ్ళ వెంట వెళ్ళారు.

పరిశీలకుడు గ్లాసుతో పైకి లేచాడు. "ఎన్నిసార్లు కొట్టారు మేడమ్?"

"నేనొక్కసారే కొట్టాను. మిగతావి చెయ్యి కొట్టుకుంది."

"పొద్దుట్నుంచీ మేం మొత్తుకుంటున్నది అదే కదయ్యా!" అంది వదిన.

అతను గుమ్మం దగ్గర ఆగాడు. మొట్టమొదటిసారి నా చేతికేసి పరీక్షగా చూశాడు. కోరింది దొరికిన నా చెయ్యి, గంట మీద చల్లగా పడుకుని ఉంది.

"ఇప్పుడు కూడా స్థిరంగానే ఉంది" అని, నిప్పుకి భయపడి గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.